వీల్‌చైర్‌లో అడవి సఫారీ: మీరు అడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల ఇదే కాలమ్‌లో "వీల్‌చైర్ వాడేవాళ్లు అడవి సఫారీకి కూడా హాయిగా వెళ్లొచ్చు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నా. దాని మీద వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చూస్తే ఇంతమంది ఈ కోరిక మనసులో పెట్టుకుని ఉన్నారా అనిపించింది. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశా, మొత్తం దీనికే. నేనూ కుర్చీలో ఉండే మనిషినే కాబట్టి ఎక్కడ ఏది గుచ్చుకుంటుందో తెలిసే చెప్తున్నా.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఖమ్మం, నాకు 34 ఏళ్లు. యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతింది, టీ10 లెవల్ అన్నారు, నడుం కింద స్పర్శ లేదు, చేతులు బలంగానే ఉన్నాయి. పిల్లలు పులిని చూడాలని ఒకటే గోల, మా ఆయన మహారాష్ట్రలో ఉన్న తడోబా పులుల అడవికి వెళ్దాం అంటున్నారు. మా అత్తగారేమో "వాళ్లు అడవిలోకి వెళ్లొస్తారు, నువ్వు రూమ్‌లో రెస్ట్ తీసుకుందువుగాని" అంటున్నారు. ఒక రిసార్ట్‌కి ఫోన్ చేస్తే "నో ప్రాబ్లమ్ మేడమ్, వీల్‌చైర్ అలౌడ్" అన్నారు. నమ్మొచ్చా?

జవాబు: రెస్ట్ తీసుకోడానికి తడోబా దాకా ఎందుకమ్మా, ఖమ్మంలో మంచం లేదా? వెళ్తే నువ్వూ అడవిలోకే వెళ్తున్నావు, ముందు అది ఇంట్లో తేల్చెయ్.

ఇక ఆ రిసార్ట్ వాళ్ల మాట. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కాకపోతే వాళ్లు చెప్పింది గేటు లోపలికి కుర్చీ రానిస్తాం అని, అంతే. నీకు కావాల్సింది అది కాదు. సఫారీ చేసేది కుర్చీలో కాదు కదా, జిప్సీ అనే జీపులో. టాప్ లేని ఆ జిప్సీలో ఆరుగురు కూర్చుంటారు, డ్రైవర్, గైడ్ వేరే. వెనక సీట్లు ఒకదానికంటే ఒకటి ఎత్తుగా ఉంటాయి, వాటి మీదకి కాలు పైకెత్తి ఎక్కాలి. కాబట్టి అడగాల్సింది "అలౌడా" అని కాదు, "నేల నుంచి సీటు దాకా ఎంత ఎత్తు, టేపు పెట్టి ఫోటో పంపించండి" అని. రూమ్‌కి కూడా అంతే, బాత్రూమ్ తలుపు వెడల్పు టేపు పెట్టి ఫోటో, గుమ్మం ఫోటో, కమోడ్ పక్కన ఖాళీ ఎంతుందో ఫోటో. విసుక్కోకుండా ఫోటో పంపినవాళ్ల దగ్గరే బుక్ చెయ్, "వచ్చాక చూద్దాం మేడమ్" అన్నవాళ్లని వదిలెయ్.

ఎక్కడం ఎలా అంటావా, రెండు దారులున్నాయి. ఒకటి, రిసార్ట్‌లో అరుగో మెట్ల పక్కన గట్టో ఉంటే కుర్చీని దాని మీదకి ఎక్కించి, జిప్సీని రివర్స్‌లో దానికి ఆనించమనాలి, సగం ఎత్తు అక్కడే తగ్గిపోతుంది, నీ చేతులు బలంగా ఉన్నాయి కాబట్టి ట్రాన్స్‌ఫర్ బోర్డు, అంటే కుర్చీకీ సీటుకీ మధ్య వంతెనలా వేసే నున్నటి పలక, దాని మీద జరిగి వెళ్లిపోవచ్చు. రెండోది ఇద్దరు మనుషులు ఎత్తడం. ఒకరు వెనక నుంచి నీ చంకల కింద చేతులు పోనిచ్చి నీ ముంజేతులు పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ల కింద. చేతులు పట్టుకుని లాగడం, నడుం దగ్గర బట్టలు పట్టి ఎత్తడం అస్సలు ఒప్పుకోకు, స్పర్శ లేని చోట చర్మం ఒరుసుకుపోయినా నీకు తెలియదు. హ్యాండిల్స్ ఉన్న ట్రాన్స్‌ఫర్ స్లింగ్ (మనిషి కింద వేసి ఎత్తే గట్టి గుడ్డ) కొనుక్కుంటే ఇంకా మంచిది. ఎత్తేముందు ఎవరెక్కడ పట్టుకోవాలో, "ఒకటి రెండు మూడు" ఎవరు చెప్పాలో నువ్వే చెప్పాలి, మీ ఆయన కాదు. సాయం చేసేవాళ్లు ఎప్పుడూ పక్కనున్న మనిషితోనే మాట్లాడతారు, నీకు తెలిసిందేగా. ప్రాక్టీస్ మాత్రం మంచం మీదకీ కారులోకీ కాకుండా మీ వీధిలో ట్రాలీ ఆటో ఏదైనా ఉంటే దాంట్లోకి చెయ్యండి, ఎత్తు అంటే ఏంటో మీ ఆయనకి నడుం నొప్పి వచ్చినప్పుడు అర్థమవుతుంది.

సీటు సంగతి. డ్రైవర్ పక్క సీటు అన్నిటికంటే కిందగా ఉంటుంది, కుదుపూ తక్కువ, మామూలుగా గైడ్ అందులో కూర్చుంటాడు. జిప్సీ మొత్తం మీ కుటుంబానికే బుక్ చేసుకుంటే గైడ్‌ని వెనక్కి కూర్చోమని అడగొచ్చు, గేటు దగ్గర అధికారికి ముందురోజే చెప్పి ఒప్పించుకోండి. కుదరకపోతే మధ్య వరస, చివరి వరస మాత్రం వద్దు, వెనక చక్రాల మీద ఉంటుంది కాబట్టి ప్రతి గుంతకీ గాల్లోకి లేస్తావు. ముందు సీట్లో కూర్చుంటే ఇంకో సంగతి, ఇంజిన్ గేర్‌బాక్స్ వేడి కాళ్ల దగ్గరికి కొడుతుంది, మామూలు మనిషి కాలు జరుపుకుంటాడు, నీకు తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటావు. మందపాటి సాక్సులు, మూసి ఉన్న షూ, కాళ్ల కింద మడిచిన దుప్పటి. మోకాళ్ల దగ్గర వెల్క్రో బెల్టుతో రెండు కాళ్లూ కలిపి కట్టుకో, లేకపోతే కుదుపులకి అవి ఎటు పడితే అటు పోతాయి.

నీ కుషన్ నీతోనే తీసుకెళ్లు, జిప్సీ సీటు మీద వేసి జారకుండా కట్టెయ్యి. కాకపోతే కుషన్ మందం వల్ల నువ్వు పైకి లేస్తావు, పక్కన ఆనుకునే రాడ్ కిందకి పోతుంది, అందుకే ఛాతీ దగ్గర బెల్ట్ కూడా ఉండాలి. వెహికల్ ఆగినప్పుడల్లా, అంటే జింకలు కనిపించినా చాలు, చేతుల మీద పైకి లేచి ఒత్తిడి తగ్గించుకో. రూమ్‌కి వచ్చాక అద్దంలోనో ఫోన్ కెమెరాలోనో చర్మం చూసుకోవాలి, ఎర్రగా ఉండి అరగంట తర్వాత కూడా పోకపోతే మర్నాడు సఫారీ క్యాన్సిల్, పులి ఉన్నా సరే.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న, యూరిన్. సఫారీ ఒక్కోటి దాదాపు నాలుగు గంటలు. లోపల వాళ్లు చెప్పిన చోట తప్ప దిగడానికి వీల్లేదు, దిగినా నీ కుర్చీ గేటు బయటే ఉండిపోయింది కదా. చాలామంది ముందురోజు నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, అది మాత్రం చెయ్యకు, ఇన్ఫెక్షన్ కొనితెచ్చుకోవడమే. కాథెటర్ (యూరిన్ తీసే గొట్టం) వాడే అలవాటుంటే బయల్దేరే ముందు ఖాళీ చేసుకో, రాగానే మళ్లీ, మధ్యలో గుక్కగుక్కగా తాగు. ఎక్కువ జాగ్రత్త కావాలంటే ఆ కాసేపటికి లెగ్ బ్యాగ్, అంటే కాలికి కట్టుకునే యూరిన్ సంచి, పెట్టుకోవచ్చు, మీ డాక్టర్‌తో మాట్లాడి ఇంటి దగ్గరే ఒకరోజు పెట్టుకుని చూడు. ఇది చదువుతున్నవాళ్లలో వెన్నెముకకి టీ6 లెవల్‌లో, అంటే ఛాతీ మధ్య దగ్గర, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్లుంటే వాళ్లకి ఇది ఇంకా సీరియస్, బ్లాడర్ నిండితే బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలిపోయే నొప్పి వస్తుంది, అది ఎమర్జెన్సీ. తడోబా కోర్‌లోకి, అంటే అడవి లోపలి భాగంలోకి, ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, ఏదైనా అయితే ఫోన్ చేద్దాంలే అనుకోడానికి లేదు, కాబట్టి గైడ్‌కి మొదటే చెప్పి ఉంచాలి.

ఎప్పుడు వెళ్లాలి అంటే ఏప్రిల్, మే నెలల్లో చెరువుల దగ్గర పులులు బాగా కనిపిస్తాయి అని అందరూ చెప్తారు, నిజమే, కానీ చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, దెబ్బ తగిలిన చోటు నుంచి కింద మనకి చెమట సరిగ్గా పట్టదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. డిసెంబర్ పొద్దున్న టాప్ లేని జిప్సీలో చలి కోసేస్తుంది. నన్నడిగితే ఫిబ్రవరి, మధ్యాహ్నం సఫారీ. మంగళవారం సెలవు, వానాకాలం మూడు నెలలు కోర్ మూసేస్తారు. ఇక ప్రయాణం మీకు తేలికే, ఖమ్మం వరంగల్ బల్లార్షా చంద్రపూర్ అంతా ఒకటే లైను, చంద్రపూర్ నుంచి మొహర్లీ గేటు సుమారు 30 కిలోమీటర్లు. రైల్వే కన్సెషన్ కార్డు తీసుకున్నావా? స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో నీకు 75 శాతం, తోడు వచ్చేవాళ్లకి కూడా అంతే తగ్గింపు ఉంది, చాలామంది వాడుకోరు. కుర్చీకి మాత్రం పంక్చర్ అవ్వని సాలిడ్ టైర్లు వేయించు, అక్కడ తుమ్మ ముళ్లు గాలి టైర్లని బతకనివ్వవు.

ఒక్క లాభం చెప్పనా, పులి కనిపించగానే జిప్సీలో అందరూ లేచి నిలబడతారు, గైడ్ కూర్చోండి కూర్చోండి అని మొత్తుకుంటాడు. మనతో ఆ గొడవే లేదు. మీ ఆయన్నీ పిల్లల్నీ మాత్రం నీ ముందు నిలబడనివ్వకు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మా అబ్బాయికి 15 ఏళ్లు, మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్షీణించే జబ్బు), ఎలక్ట్రిక్ వీల్‌చైర్. ఏనుగులంటే ప్రాణం. వాడిని జిప్సీలోకి ఎత్తడం అయ్యే పని కాదు, మెడ కూడా సరిగ్గా ఆపలేడు. వాడి కోరిక తీరే దారి ఏమైనా ఉందాండి?

జవాబు: ఉందండి, కానీ జీపులో కాదు, పడవలో. మెడ నిలవని పిల్లాడిని జిప్సీ కుదుపులకి గురిచెయ్యకూడదు, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా సరే. పడవలో ఆ బాధ ఉండదు.

కర్ణాటకలో కబిని ఉంది, నాగర్‌హొళె అడవి పక్కన. వేసవిలో అడవి లోపల నీళ్లు ఎండిపోయాక ఏనుగులు గుంపులు గుంపులుగా డ్యామ్ వెనక నీళ్ల దగ్గరికి దిగుతాయి, పడవలోంచి చూస్తే పిల్ల ఏనుగులు తల్లి కాళ్ల మధ్య నుంచి నీళ్లలోకి రావడం కూడా కనిపిస్తుంది. కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వాళ్లకి అక్కడ లాడ్జ్ ఉంది, పడవ సఫారీ కూడా నడుపుతారు. ఇందులో ఒక తిరకాసు ఉందండోయ్. ఏనుగులు ఎక్కువ కనిపించేది నీళ్లు తగ్గినప్పుడు, నీళ్లు తగ్గితే పడవ కూడా కిందకి దిగిపోతుంది, అంటే ఒడ్డు నుంచి పడవ దాకా వాలుగా బురద నేల మీద ఎక్కువ దూరం పోవాలి. ఫోన్ చేసినప్పుడు "పడవ సఫారీ ఉందా" అని కాకుండా "ఈ వారం జెట్టీ నుంచి పడవకి ఎన్ని మెట్లు, ఎంత దూరం" అని అడగండి. మార్చి మొదట్లో వెళ్తే రెండూ మధ్యస్తంగా ఉండే అవకాశం ఉంది.

ఎలక్ట్రిక్ కుర్చీని పడవలోకి ఎక్కించే ఆలోచన పెట్టుకోకండి, ఆ బరువు ఎవరూ మోయలేరు. తలకి ఆసరా ఉన్న తేలికపాటి మామూలు కుర్చీ ఒకటి అద్దెకైనా తీసుకెళ్లండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది, పడవలో అబ్బాయిని కుర్చీకి బెల్టుతో కట్టొద్దు. ఏదైనా జరిగితే కుర్చీతో పాటు మునిగిపోతాడు. పడవ సీట్లో మీరు వెనక కూర్చుని వాడిని ఒళ్లో ఆనించుకోండి, లైఫ్ జాకెట్ సరిగ్గా వాడి సైజుదే, మెడ వెనక తేలే దిండు ఉన్నది దొరికితే అదే. 2009లో కేరళలోని తేక్కడిలో పడవ బోల్తాపడి 45 మంది పోయారు, గుర్తుండే ఉంటుంది. మనుషులు ఎక్కువైపోయిన పడవ అనిపిస్తే మొహమాటపడకుండా దిగిపోండి. ఊపిరితిత్తుల డాక్టర్‌ని ఒకసారి అడిగి, రాత్రిపూట బైపాప్ (ఊపిరికి సాయం చేసే మెషిన్) వాడుతుంటే రూమ్‌లో జనరేటర్ ఉందో లేదో కనుక్కోండి.

విమానంలో బెంగళూరు దాకా వెళ్లి అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్దాం అనుకుంటే, ఎయిర్‌లైన్‌కి 48 గంటల ముందు చెప్పాలి, ఎలక్ట్రిక్ కుర్చీ తీసుకెళ్తుంటే బ్యాటరీ ఎలాంటిదో కూడా. ఊడదీసే లిథియం బ్యాటరీ అయితే 300 వాట్ అవర్ దాటకూడదు, దాన్ని మీ చేతి లగేజీలోనే పట్టుకెళ్లాలి. బ్యాటరీ మీద ఆ నంబర్ కనిపించేలా ఒక ఫోటో తీసి ఉంచుకోండి, కౌంటర్ దగ్గర అరగంట వాదన తప్పుతుంది.

అంత దూరం ఇప్పుడే ఎందుకు అనుకుంటే మీ పక్కనే కోరింగ ఉంది కదండీ, కాకినాడ దగ్గర. మడ అడవుల మధ్య నుంచి చెక్క దారి వేశారు. ఏనుగులు ఉండవు, కానీ అడవిలోకి వాడంతట వాడు, మీరు తొయ్యకుండా, తన కుర్చీ నడుపుకుంటూ వెళ్లడం అనేది పదిహేనేళ్ల పిల్లాడికి చిన్న విషయం కాదు. ముందు మీరొక్కరే వెళ్లి చెక్కల మధ్య సందులు, మొదట్లో మెట్టు ఉందా ర్యాంప్ ఉందా, చెక్కలు ఆ కుర్చీ బరువుకి ఆగేలా ఉన్నాయా చూసి రండి. సాయంత్రం అయితే దోమలు కూడా వస్తాయి, పొద్దున్నే వెళ్లండి.

ప్రశ్న: ఒక విషయం ముక్కుసూటిగా అడుగుతా, ఏమీ అనుకోవద్దు. అడవి అంటే రిస్క్. నడవలేనివాళ్లు అక్కడికి వెళ్లి ఫారెస్ట్ వాళ్లని, తోటి టూరిస్టులని ఇబ్బంది పెట్టడం అవసరమా? టీవీలో చూడొచ్చు కదా. (పేరు వద్దన్నారు)

జవాబు: మీరూ టీవీలోనే చూడొచ్చండి, అందరికీ కనిపిస్తుంది. సఫారీలో నడిచేవాళ్లు కూడా నడవరు, దిగితే ఫైన్ వేస్తారు, నాలుగు గంటలు కూర్చోడమే పని, అది మాకు బాగా అలవాటు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వినోదం కూడా హక్కే అని రాసుంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, సదుపాయాల రూల్స్ "చేస్తే మంచిది" అన్నట్టు ఉంటే సరిపోదు, తప్పనిసరి చెయ్యాలి అని తీర్పిచ్చింది. ఆ కేసులో దేశమంతా పరిస్థితి ఎలా ఉందో రిపోర్టు రాసిచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. ఇక ఇబ్బంది అంటారా, ఎక్కడానికి నాకు ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. సెల్ఫీల కోసం జిప్సీని ఆపించేవాళ్లకి ఎంత పడుతుందో ఎప్పుడైనా టైమ్ చూడండి.

ప్రశ్న: అక్కా, నేను డాలస్‌లో ఉంటాను, అన్నయ్య జోహన్నెస్‌బర్గ్‌లో. అమ్మ గుంటూరులో ఉంటుంది, 67 ఏళ్లు, స్ట్రోక్ వచ్చి కుడి వైపు బలహీనం, పట్టుకుంటే నిలబడుతుంది, నడవలేదు. అందరం అన్నయ్య దగ్గర కలుస్తున్నాం, క్రూగర్ పార్క్ తీసుకెళ్లాలని మా ఆశ. అంత పెద్ద అడవి అమ్మకి కష్టమేమో అని భయం.

జవాబు: తమ్ముడూ, నువ్వు భయపడుతున్న ఆ పెద్ద అడవే మీ అమ్మగారికి మన తడోబా కంటే తేలిక. ఎందుకంటే క్రూగర్‌లో మీ సొంత కారులో తిరగొచ్చు. 1926లో నేషనల్ పార్క్ అయింది, దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, లోపల తారు రోడ్లు ఉన్నాయి. క్యాంపులు, గుర్తుపెట్టిన కొన్ని చోట్ల తప్ప కారు దిగకూడదు అనేది అక్కడ అందరికీ రూలే, సో అమ్మ కూర్చుని చూస్తుంది, మీరూ కూర్చునే చూస్తారు. జీపు సఫారీ వాహనాలు ఎత్తుగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు, అన్నయ్య కారు చాలు.

జోహన్నెస్‌బర్గ్ నుంచి ఐదారు గంటల డ్రైవ్, అమ్మకి ఒకేసారి అంతసేపు వద్దు, మధ్యలో ఒక రాత్రి ఆగండి. లోపల పార్క్ వాళ్ల క్యాంపుల్లోనే వీల్‌చైర్ వాళ్ల కోసం కట్టిన గదులున్నాయి, స్కుకుజా, లోవర్ సాబీ, బెర్గ్ ఎన్ దాల్ లాంటి చోట్ల. అవి తక్కువ ఉంటాయి కాబట్టి నెలల ముందే బుక్ చెయ్యాలి. స్కుకుజా నుంచి లోవర్ సాబీ వెళ్లే రోడ్డు నది పక్కనే పోతుంది, పార్క్ మొత్తంలో జంతువులు బాగా కనిపించే రోడ్లలో అదొకటి. లోవర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ అని ఉంది, కారు నీళ్ల పక్కన ఆపేసి కూర్చుంటే చాలు, నీటి గుర్రాలు, మొసళ్లు కళ్ల ముందే. అమ్మకి ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి అక్కడే గంటసేపు ఉండండి, ఊరికే అటూ ఇటూ తిప్పొద్దు. స్పీడ్ లిమిట్ తారు మీద 50, మట్టి రోడ్డు మీద 40.

ఒక చిన్న సంగతి, అక్కడ స్టీరింగ్ మనకిలాగే కుడి వైపు. నీ డాలస్ కారులో చూసి అలవాటైన పద్ధతి అక్కడ తిరగబడుతుంది. అమ్మకి బలం ఎడమ వైపు ఉంది కదా, కుడి వైపు వెనక డోర్ దగ్గర కుర్చీ కారు ముందు వైపుకే తిరిగేలా పెడితే సీటు ఆవిడ ఎడమ పక్కకి వస్తుంది, బలమున్న వైపుకి తిరిగి కూర్చోవచ్చు. దిగేటప్పుడు మాత్రం బలహీనమైన వైపుకి రావాలి, అప్పుడు ఒకరు గట్టిగా పట్టుకోవాలి. గుంటూరులో ఫిజియోని పిలిచి ఏ కారులోనైనా రెండు డోర్ల దగ్గరా ట్రై చేయించండి.

జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే అక్కడ చలికాలం, గడ్డి ఎండిపోయి జంతువులు కనిపిస్తాయి, మలేరియా భయం కూడా తక్కువ, అయినా మాత్రల గురించి అమ్మ వాడే మందులన్నీ చూపించి డాక్టర్‌ని అడగాలి. పొద్దున్నే బాగా చలి, కొన్ని లాడ్జ్‌ల్లో ఒళ్లో పెట్టుకోడానికి వేడి నీళ్ల బ్యాగులు ఇస్తారు, అమ్మ కుడి వైపు స్పర్శ తగ్గి ఉంటే ఆ వైపు పెట్టొద్దు, కాలిపోతుంది. విమానం టికెట్ నైరోబీ, ఆడిస్ అబాబా మీదుగా చౌకగా వస్తోందని తీసుకోకముందు యెల్లో ఫీవర్ టీకా రూల్ చూసుకోండి, ఆ టీకా ప్రయాణానికి 10 రోజుల ముందైనా పడాలి, పైగా 60 దాటినవాళ్లకి డాక్టర్లు ఆలోచించి గానీ ఇవ్వరు. గల్ఫ్ మీదుగా వెళ్లే టికెట్‌కి నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకో.

ప్రశ్న: మాది నెల్లూరు. రిటైర్డ్ టీచర్‌ని, కుర్చీలోనే ఉంటాను, పిల్లలు దూరంగా ఉన్నారు, ఎత్తి దించే మనుషులు లేరు. పెద్ద పెద్ద సఫారీలు నా వల్ల కాదు. నాకేమైనా చెప్పగలరా?

జవాబు: మాస్టారూ, మీరు కారు దిగక్కర్లేదు. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్య నుంచే పోతుంది, రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు, ఫ్లెమింగోలు గుంపులుగా దిగి ఉంటాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దున్న ఏడింటికల్లా అక్కడ ఉండేలా టాక్సీ మాట్లాడుకోండి, ఎండ ఎక్కితే నీటి మీద తళతళకి ఏమీ కనిపించదు. బైనాక్యులర్ ఉంటే 8x42 సైజుది తెచ్చుకోండి, చేతులు వణుకుతుంటే మోచేతులు ఒళ్లో దిండు మీద ఆనించి చూడండి. వాహనాలు స్పీడుగా పోతుంటాయి కాబట్టి డ్రైవర్‌ని రోడ్డు మీద కాకుండా పక్కన జాగా ఉన్న చోటే ఆపమనండి. తిరుగు దారిలో నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది, అక్కడ గూడబాతులు చెట్ల నిండా గూళ్లు పెడతాయి, గేటు నుంచి లోపలికి దారి ఎలా ఉందో టాక్సీ డ్రైవర్‌ని ముందు దిగి చూసి రమ్మనండి, బాగోకపోతే ఆ రోజుకి ఫ్లెమింగోలతో సరిపెట్టుకుని దారిలో ఎక్కడైనా టిఫిన్ తిని ఇంటికి వచ్చెయ్యండి.